నోరు లేని చేప మాట: నీకో టిన్‌బర్గెన్ జీవితం

వర్లీ బీడీడీ చాళ్లలో ఒక ఖోలీ అంటే 160 చదరపు అడుగులు. వంట, పడక, దేవుడి పటాలు, పిల్లల చదువులు అన్నీ అందులోనే. అయినా కొన్ని ఇళ్లల్లో టీవీ పక్కన ఒక చేపల తొట్టి కనిపిస్తుంది. క్రాఫర్డ్ మార్కెట్ నుంచి నీళ్ల సంచిలో తెచ్చిన రెండు గోల్డ్‌ఫిష్‌లో, గాజు సీసాలో ఒంటరిగా తిరిగే ఒక ఫైటరో ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ముందు దాని దగ్గరికే వెళ్తారు. చేప పైకొచ్చి నోరు తెరిచి మూస్తుంటే పాపం ఆకలేస్తోంది అంటారు. రాయికి ఒళ్లు రుద్దుకుంటే ఆడుకుంటోంది అంటారు. మూలన కదలకుండా ఉంటే అలిగింది అంటారు.

ఆ మూడింటికీ వేరే అర్థాలు ఉండొచ్చు. నీళ్లల్లో ప్రాణవాయువు తగ్గితే చేప పైకొచ్చి, గాలికి దగ్గరగా ఉన్న నీటిని మొప్పల్లోకి తోడుకుంటుంది. ఒంటిమీద కంటికి కనిపించని పురుగులు చేరితే దురద తట్టుకోలేక రాయికి రుద్దుకుంటుంది. నీళ్లు మార్చక అమ్మోనియా పెరిగిపోతే రెక్కలు ఒంటికి అతికించుకుని మూలన ఉండిపోతుంది. ఆకలి అనుకుని ఇంకో చిటికెడు మేత వేస్తే, తినకుండా మిగిలినది కుళ్లి నీళ్లు ఇంకా పాడవుతాయి. మన జాలే దాని ప్రాణం మీదికి వస్తుందన్నమాట.

మరి చేప తన ఒంటితో నిజంగా ఏం చెబుతోందో తెలుసుకునేదెలా? అది చెప్పదు, మనం అడగలేం. మన శాఖలో మనమంతా భాష చదువుకునేవాళ్లమే. కానీ మాటలే లేని ఈ భాషను చదవడానికి ఒక పద్ధతి ఏర్పరచిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు నీకో టిన్‌బర్గెన్. 1973లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అందులో రెండంగుళాల చేప వాటా చాలానే ఉంది.

పెరటి తొట్టెలు

టిన్‌బర్గెన్ 1907 ఏప్రిల్ 15న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో పుట్టారు. తండ్రి బడిలో డచ్ భాష చెప్పే మాస్టారు. ఐదుగురు పిల్లల్లో నీకో మూడోవాడు. పెద్దన్న యాన్ చదువులో చురుకు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి మొదటిసారి ఇచ్చిన 1969లోనే దాన్ని అందుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి నోబెల్ రావడం ఎంత అరుదో వేరే చెప్పక్కర్లేదు.

నీకోకి మాత్రం బడి చదువు మీద పెద్ద ఆసక్తి లేదు. హాకీ, సముద్రపు ఒడ్డు, ఇసుక దిబ్బలు, పక్షులు, ఇవే ఆయన లోకం. ఇంటి వెనక పెరట్లో రెండు చిన్న తొట్టెలు పెట్టుకున్నారు. వాటిలో స్టికిల్‌బ్యాక్ అనే చేపల్ని వేసి, ప్రతి వసంతంలోనూ అవి గూడు కట్టడం చూస్తూ కూర్చునేవారు. ఆ చేప అక్కడి కాలువల్లో, గుంటల్లో దొరికేదే. వీపు మీద మూడు ముళ్లుంటాయి. మన ఊళ్లలో పిల్లలు చెరువు గట్టున గావంచాతో పట్టే చేపపిల్లల్లాంటిదే అనుకోండి. హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెప్పే మాస్టారు ఈ పిల్లాడి ఇష్టాన్ని గమనించి, తరగతిలో ఉన్న సముద్రపు నీటి తొట్టెల బాధ్యత ఆయనతో పాటు ఇంకొందరు పిల్లలకి అప్పగించారు. విరామంలో బయట ఆడుకోవాలన్న నియమం ఉన్నా, వీళ్లు లోపలే ఉండటానికి హెడ్‌మాస్టర్ని ఒప్పించారు. పిల్లల్ని ఇలా గుర్తించే టీచర్లు ప్రతి ఊళ్లోనూ ఉండాలనిపిస్తుంది.

ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివారు. 1932లో డాక్టరేట్ వచ్చింది. తేనెటీగల్ని పట్టి తినే ఒక రకం కందిరీగ తన బొరియని ఎలా గుర్తుపడుతుందన్నది విషయం. ఆ సిద్ధాంత గ్రంథం 32 పేజీలే! అదే సంవత్సరం ఎలిజబెత్ రుటెన్‌ని పెళ్లి చేసుకున్నారు. పెళ్లయిన వెంటనే ఇద్దరూ గ్రీన్‌లాండ్ వెళ్లి, అక్కడి ఇన్యుయిట్ ప్రజల మధ్య ఏడాదికి పైగా ఉండి, మంచులో పక్షుల్ని గమనించారు.

ఎరుపు చూస్తే యుద్ధం

1933లో తిరిగొచ్చాక లైడెన్‌లో విద్యార్థులకి పాఠం చెప్పే పని. పిల్లలకి ప్రయోగాలు నేర్పడానికి ఖర్చు లేని జంతువు కావాలి. చిన్నప్పటి స్టికిల్‌బ్యాక్ గుర్తొచ్చింది. దగ్గర్లో దొరుకుతుంది, చిన్న తొట్టిలో కూడా తన పనులన్నీ చేస్తుంది. ప్రయోగశాల కిటికీ పక్కన వరసగా తొట్టెలు పెట్టించారు.

వసంతం రాగానే మగ చేప తనకంటూ కొంత చోటు ఎంచుకుంటుంది. పొట్ట ఎర్రగా మారుతుంది. ఇసుకని నోటితో తీసి గుంట చేస్తుంది. నాచు పోగులు తెచ్చి, తన ఒంట్లోంచే వచ్చే జిగురుతో అతికించి, మధ్యలోంచి దూరి సొరంగం లాంటి గూడు తయారుచేస్తుంది. గుడ్లతో పొట్ట ఉబ్బిన ఆడ చేప కనిపిస్తే అటూ ఇటూ మెలికలు తిరుగుతూ ఈదుతుంది. ఆమె తల పైకెత్తి అతని వైపు వస్తే గూటికి దారి తీస్తుంది. ముక్కుతో గూటి ద్వారం చూపిస్తుంది. ఆమె లోపలికి దూరాక తోక మొదట్లో ముక్కుతో పొడుస్తుంది. అలా పొడిస్తేనే గుడ్లు పెడుతుంది. ఒకరి కదలిక ఇంకొకరి తర్వాతి కదలికకి పిలుపు. మధ్యలో ఒక్క మెట్టు తప్పినా కథ ఆగిపోతుంది. ఆ తర్వాత ఆడ చేపకి అక్కడ పని లేదు. గుడ్లకి రెక్కలతో నీళ్లు విసురుతూ గాలి ఆడేలా చూసేది తండ్రే. పిల్లలు బయటికొచ్చాక దూరంగా పోయిన వాటిని నోట్లో పట్టి తెచ్చి గుంపులో వదిలేది కూడా తండ్రే.

ఇదంతా ఓపికగా చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. టిన్‌బర్గెన్ గొప్పతనం ఆ తర్వాతి అడుగులో ఉంది. పక్క మగ చేప తన హద్దులోకి వస్తే ఈ చేప మీద పడుతుంది. ఎందుకు? కోపం అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆయన మాత్రం ఆ చేపకి అవతలి చేపలో ఏం కనిపించింది అని అడిగారు. జవాబు కోసం ఆయనా, ఆయన విద్యార్థులూ బొమ్మ చేపలు చేశారు. ఒకటి అచ్చం స్టికిల్‌బ్యాక్ లాగే ఉంటుంది, ఎరుపు మాత్రం లేదు. మిగతావి చేపల్లాగే ఉండవు, ఉత్త ముద్దలు, కానీ కింది భాగం ఎరుపు. మగ చేపలు అచ్చమైన బొమ్మని పెద్దగా పట్టించుకోలేదు, ఎర్రటి ముద్దల మీద పడ్డాయి. అదే ముద్దని తలకిందులుగా నిలబెడితే ఇంకా రెచ్చిపోయాయి. ఎందుకంటే హద్దు దగ్గర రెండు మగ చేపలు ఎదురుపడితే అలాగే తల కిందికి పెట్టి నిలబడి ఒకదాన్నొకటి బెదిరిస్తాయి.

ఒకరోజు తొట్టెల్లోని మగ చేపలన్నీ ఒక్కసారిగా కిటికీ వైపు దూసుకెళ్లాయి. బయట రోడ్డు మీద ఎర్ర రంగు తపాలా బండి పోతోంది. చేపల దృష్టిలో అదొక పెద్ద శత్రువు! ఈ కథ జీవశాస్త్రం క్లాసుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాతి కాలంలో వేరేవాళ్లు చేసిన కొన్ని ప్రయోగాల్లో ఎరుపు ప్రభావం ఇంత స్పష్టంగా రాలేదు కూడా. అది కూడా ఆయన పద్ధతి వల్లే తెలిసింది. ఊహని ప్రయోగంగా మారిస్తే ఇంకొకరు దాన్ని మళ్లీ చేసి చూడగలరు కదా.

నాకు అన్నిటికంటే నచ్చింది గాజు గొట్టాల ప్రయోగం. ఒక తొట్టిలో రెండు మగ చేపలు, చెరో వైపు చెరో గూడు. రెండింటినీ వేర్వేరు గొట్టాల్లో పెట్టి, రెండు గొట్టాల్నీ ఎడమ వైపుకి తెస్తే ఎడమ చేప గాజులోంచే పక్కదాని మీదికి దూకబోయింది, కుడి చేప పారిపోవాలని చూసింది. రెండు గొట్టాల్నీ కుడి వైపుకి జరిపితే కథ తిరగబడింది. అవే చేపలు, అవే గొట్టాలు. ధైర్యం, భయం ఆ చేప స్వభావంలో లేవు, అది ఎవరి చోట ఉందన్న దాంట్లో ఉన్నాయి. చాల్‌లో పెరిగిన వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. సొంత గుమ్మంలో నిలబడి మాట్లాడేటప్పుడు ఉన్న గొంతు, ఇంకో అంతస్తులో నల్లా దగ్గర ఉండదు. ఇంట్లో తొట్టికి కూడా ఇదే వర్తిస్తుంది. కొత్తగా వేసిన చేప మూలన నక్కితే అది పిరికిదని కాదు. అక్కడ ముందే ఉన్న చేప చోటంతా తనదనుకుంటోంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రాళ్లు, మొక్కలు మార్చి పెట్టి, పాత హద్దులు చెరిపేసి, అప్పుడు కొత్త చేపని వదులుతారు.

ముళ్ల కంచె వెనక

1936లో కోన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త లైడెన్ వచ్చారు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. మరుసటి ఏడాది టిన్‌బర్గెన్ వాళ్ల ఊరికి వెళ్లి కొన్ని నెలలు కలిసి పని చేశారు. తర్వాత దారులు విడిపోయాయి. లోరెంజ్ 1938లో నాజీ పార్టీలో చేరారు. 1940 మేలో జర్మనీ సైన్యం నెదర్లాండ్స్‌ని ఆక్రమించింది. లైడెన్ విశ్వవిద్యాలయంలో యూదు అధ్యాపకుల్ని తొలగించారు. విశ్వవిద్యాలయాన్ని నాజీల చేతికి ఇవ్వడానికి ఒప్పుకోని అధ్యాపకులు 1942లో రాజీనామాలు చేశారు. వాళ్లలో టిన్‌బర్గెన్ ఒకరు.

ఆ సెప్టెంబర్‌లో ఆయన్ని పట్టుకెళ్లి సింట్ మిహిల్స్‌గెస్టెల్ అనే ఊళ్లోని శిబిరంలో పెట్టారు. అది బందీల శిబిరం. బయట ఎక్కడైనా తిరుగుబాటు జరిగితే బదులుగా లోపలి వాళ్లని కాల్చేస్తారు. ఆయన వెళ్లడానికి ముందు నెలలోనే అలా ఐదుగురు బందీల్ని చంపేశారు. అక్కడ రెండేళ్లున్నారు. ఇంటి దగ్గర భార్య, చిన్న పిల్లలు. వాళ్లకి రాసే ఉత్తరాల్లో ఆయన బొమ్మలు వేసి కథలు చెప్పేవారు. ఒకటి సముద్రపు పక్షి కథ, ఇంకొకటి స్టికిల్‌బ్యాక్ చేప కథ. ఆ చేప కథ యుద్ధం తర్వాత పిల్లల పుస్తకంగా అచ్చయింది. రేపు ఉంటానో లేదో తెలియని మనిషి పిల్లలకి చేప గూడు గురించి రాశాడంటే, పెరటి తొట్టి ఆయన మనసులో ఎంత లోతుగా ఉందో అర్థమవుతుంది.

లోరెంజ్ రష్యాలో యుద్ధఖైదీగా ఉండి 1948లో విడుదలయ్యారు. 1949లో ఇంగ్లండ్‌లో ఒక మిత్రుడి ఇంట్లో ఇద్దరూ మళ్లీ కలిశారు. టిన్‌బర్గెన్ ఆ స్నేహాన్ని కొనసాగించారు. అది అంత తేలిక కాదని మాత్రం మనం ఊహించగలం.

నాలుగు ప్రశ్నలు

1949లోనే ఆయన లైడెన్‌లో ప్రొఫెసర్ పదవి వదులుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో దానికంటే చిన్న ఉద్యోగంలో చేరారు. 1951లో సహజాత ప్రవృత్తి మీద రాసిన పుస్తకం ఈ శాస్త్రానికి పునాది అయింది. డెస్మండ్ మోరిస్, రిచర్డ్ డాకిన్స్ లాంటి వాళ్లు ఆయన విద్యార్థులే. 1963లో ఒక వ్యాసంలో, జంతువు చేసే ఏ పని గురించైనా నాలుగు రకాల ప్రశ్నలు వేయాలని చెప్పారు. ఇప్పుడు దీన్ని కదిలించింది ఏమిటి? పుట్టినప్పటి నుంచి ఇది ఎలా ఏర్పడింది? బతకడానికి ఇది ఎలా పనికొస్తుంది? ఆ జాతి పూర్వీకుల్లో ఇది ఎలా మొదలైంది?

సీసాలోని ఫైటర్‌ని తీసుకోండి. అది మాటిమాటికీ పైకొచ్చి గాలి గుటక వేస్తుంది. గోల్డ్‌ఫిష్ అస్తమానం పైనే ఉండి నోరాడిస్తుంటే నీళ్లు అనుమానించాలి. ఫైటర్ అప్పుడప్పుడూ పైకొచ్చి గుటక వేయడం మాత్రం మామూలే. ఎందుకంటే దాని పూర్వీకులు థాయ్‌లాండ్ వైపు వరి పొలాల్లో, ప్రాణవాయువు తక్కువగా ఉండే నిలవ నీళ్లలో బతికాయి. గాలిని నేరుగా పీల్చుకునే అవయవం దాని తలలో ఉంది. మన కొర్రమీను కూడా అంతే, అందుకే బజార్లో కొద్ది నీళ్ల బకెట్లో కూడా బతికే ఉంటుంది. పైకొచ్చి నోరు తెరవడం అన్న ఒకే కదలిక, ఒక చేపలో ఆపద, ఇంకో చేపలో అలవాటు. అద్దం చూపిస్తే ఫైటర్ మొప్పలు విప్పి నిగడదన్నేది నాట్యం కాదు, ఎదురుగా ఇంకో మగ చేప ఉందనుకుని. మనకి అది సరదా. దానికి మాత్రం గంటల తరబడి తప్పించుకోలేని పోట్లాట.

ఆయన పొరబడిన చోటు

1973లో లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిపి టిన్‌బర్గెన్‌కి నోబెల్ ఇచ్చారు. బహుమతి సందర్భంగా ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన చేపల గురించి కంటే ఆటిజం ఉన్న పిల్లల గురించే ఎక్కువ మాట్లాడారు. అప్పటికే భార్యతో కలిసి ఆ పిల్లల్ని గమనిస్తున్నారు. చూపు తిప్పుకోవడం, దగ్గరికి రావాలని ఉన్నా వెనక్కి తగ్గడం, ఇవి పక్షుల్లో తాను చూసిన భయం, ఆశ మధ్య ఊగిసలాట లాగే ఉన్నాయని ఆయనకి అనిపించింది. అంతవరకు బాగానే ఉంది. బెదిరిన పిల్లని తేరిపార చూడొద్దు, మెల్లగా దగ్గరవ్వాలి అన్న సలహా కూడా మంచిదే.

కానీ అక్కడితో ఆగలేదు. ఈ స్థితికి కారణం ఇంటి వాతావరణంలో, ముఖ్యంగా తల్లీబిడ్డల బంధంలో వచ్చిన లోపమని అన్నారు. పిల్లని గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టే ఒక వైద్యాన్ని సమర్థించారు. 1983లో దీని మీద భార్యాభర్తలు పెద్ద పుస్తకం కూడా రాశారు. ఆ రంగంలో పనిచేసే వాళ్లు ఒప్పుకోలేదు. ఆటిజం మెదడు ఎదుగుదలకి సంబంధించినదని, అందులో జన్యువుల పాత్ర చాలా ఉందని, తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదని ఇవాళ మనకి తెలుసు. కానీ నోబెల్ వచ్చిన మనిషి మాటకి ఉండే బరువు వేరు. అప్పటికే సతమతమవుతున్న తల్లుల మీద నింద వేయడానికి అది ఇంకో ఆధారం అయింది.

ఇది చదివినప్పుడు నాకు బాధేసింది. ఎరుపా, ఆకారమా అని తేల్చుకోవడానికి అన్ని బొమ్మ చేపలు చేసిన మనిషి, ఈ ఊహని మాత్రం అంత గట్టిగా పరీక్షించలేదు. చూసింది నిజమే. చూసినదానికి పెట్టిన పేరు తప్పు. పెరిగిన తీరు కారణమా, పుట్టుకతో వచ్చిందా అన్నది ఆయన సొంత నాలుగు ప్రశ్నల్లోనిదే కదా! ఆయన్ని తప్పుపట్టడానికి కూడా మనకి ఆయన నేర్పిన పద్ధతే కావాల్సి వస్తుంది.

బయటికి నవ్వుతూ కనిపించినా ఆయన జీవితంలో చాలాసార్లు తీవ్రమైన మానసిక కుంగుబాటుతో బాధపడ్డారు. పక్షుల శాస్త్రవేత్త అయిన తమ్ముడు ల్యూక్ 1955లో ఆత్మహత్య చేసుకున్నాడు. తమ ఇంట్లోనే మాటల్లో చెప్పలేని బాధ ఎలా ఉంటుందో చూసిన మనిషి కాబట్టే, మాట్లాడలేని పిల్లల దగ్గరికి వెళ్లి ఉంటారని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, రుజువు లేదు.

1974లో ఆయన పదవీ విరమణ చేశారు. 1988 డిసెంబర్ 21న ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయారు. అప్పటికి 81 ఏళ్లు.

ఆయన జీవితం నుంచి ఇంట్లో తొట్టి ఉన్నవాళ్లు తీసుకోగలిగింది చాలా మామూలు విషయం. చేప ఎప్పుడూ చేయని పని చేస్తుంటే వెంటనే పేరు పెట్టకండి. ఏ వేళకి చేస్తోంది, ఒక్కటే చేస్తోందా, అన్నీ చేస్తున్నాయా, దానికి ముందు మనం ఏం మార్చాం అని చూడండి. అన్నీ ఒకేసారి పైకొస్తే నీళ్లు పాడయ్యాయని అనుమానించాలి, కొంత నీటిని క్లోరిన్ పోగొట్టిన నీటితో మార్చాలి. ఒక్కటే మూలన ఉంటే దాని ఒంటి మీద తెల్ల చుక్కలున్నాయేమో, పక్క చేప తరుముతోందేమో కనిపెట్టాలి. ఒకసారి ఒక్కదాన్నే మార్చి, ఏమవుతుందో ఆగి చూడాలి. ఆ ఆగి చూడడమే ప్రయోగం. దానికి లైడెన్ ప్రయోగశాల అక్కర్లేదు, 160 చదరపు అడుగుల ఖోలీలో కూడా చేయొచ్చు.

– ద్వితీయ సంవత్సరం బి.ఎ. విద్యార్థిని